ఓడ పేరు

కన్యాకుమారికి పడమట, చేపలుపట్టేవాళ్ల ఊరు. చర్చి వెనక సందులో మిక్కేల్ తన ఇంటి వసారాలో వల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎండలో జెనోవా నిలబడి ఉంది.

“పేరు చెప్పు మిక్కేల్. కూర్చోడానికి రాలేదు నేను.”

“ఎండన పడి వచ్చావు వదినా. ముందు నీడలోకి రా. కాస్త టీ…”

“టీ వద్దు, ఏం వద్దు. ఓడ పేరు చెప్పు, వెళ్లిపోతా.”

“ఏ ఓడ?”

“ఏ ఓడా? ఎన్ని ఓడలెక్కించావురా మా ఆయన్ని? తుపానులో పడవ బోల్తాపడితే నువ్వొక్కడివే తిరిగొచ్చావు. ‘సిలువై అన్నని ఓడవాళ్లు ఎక్కించుకున్నారు, ఏ దేశంలోనో దింపి ఉంటారు, వస్తాడు’ అని చెప్పావు. ఊరంతా చెప్పావు. పేపరువాడికి కూడా చెప్పావు. ఆ ఓడ.”

“పేపరువాడికి నేను చెప్పలేదు. వాడే వచ్చి…”

“వాడే వచ్చి రాసుకున్నాడు. సరే. ఆ ముక్క కత్తిరించి తాలూకాఫీసులో నా దరఖాస్తుకి గుచ్చిపెట్టారు. తెలుసా నీకు?”

“దేనికి?”

“దేనికా? మొన్న మైదానంలో పందిరేసి సర్కారు సహాయం పంచారు. సముద్రంలో పోయిన ప్రతి మగాడి ఇంటికీ. మన పడవలోనే పోయిన లాజర్ పెళ్లానికొచ్చింది. ఆ కుర్రాడు జేసు వాళ్లమ్మకొచ్చింది. నా పేరు పిలుస్తారని పొద్దుటినుంచీ కూర్చున్నా. కుర్చీలు మడతపెట్టేదాకా కూర్చున్నా. పిలవలేదు.”

“నేను రాలేదు ఆరోజు. ఒంట్లో…”

“నువ్వెందుకొస్తావు? వెళ్లి అడిగితే ఆ తహసీల్దారు ఏమన్నాడో తెలుసా? ‘నీ మొగుడు చావలేదు కదమ్మా, ఓడలో షికారు చేస్తున్నాడు కదా! ఓడ పేరు పట్టుకురా, వెతికిద్దాం. ఈ డబ్బు చచ్చినవాళ్లకి’ అన్నాడు. నలుగురి ముందు. నవ్వుతూ.”

“వాడి నోరు పడిపోను.”

“వాణ్ణి తర్వాత తిడుదువుగాని. పేరు చెప్పు. పేరు తెలిస్తే అది ఏ దేశానిదో, ఎక్కడుందో కనుక్కుంటారట. ఆయన బతికుంటే పట్టుకొస్తారు. అప్పుడు వాళ్ల డబ్బు వాళ్ల మొహాన కొడతా.”

“పేరు కనబడలేదు వదినా.”

“అంత పెద్ద ఓడకి పేరు కనబడలేదా?”

“చీకటిగా ఉంది.”

“మిట్టమధ్యాహ్నం అన్నావు మా అత్తతో.”

“మధ్యాహ్నమే. మబ్బులు. చీకటిలాగే ఉంది.”

“ఓడ ఏం రంగు?”

“ఎరుపు. అడుగున ఎరుపు, పైన నలుపు.”

“మా అత్తకి తెల్ల ఓడ అని చెప్పావు.”

“పైన గదులు తెల్లగా ఉంటాయి కదా…”

“పేరు ఇంగ్లీషులోనే రాసుంటుంది కదరా. పదోక్లాసు దాకా చదివినవాడివి, ఒక్క అక్షరం కూడా గుర్తులేదా?”

“ఇంగ్లీషు కాదు. వేరే ఏదో రాత.”

“ఎలా ఉంది ఆ రాత? ఇదిగో, ఈ ఇసకలో గియ్యి. ఫోన్లో ఫోటో తీసుకెళ్లి వాడికి చూపిస్తా.”

“ఎలా గియ్యను వదినా? అప్పుడు నా కళ్లు…”

“ఒక్క అక్షరం గియ్యి.”

“గుర్తులేదు.”

“గియ్యరా!”

“అరవకు. అమ్మ లోపల పడుకుంది.”

“పడుకోనీ. లేవనీ. వాళ్లు తాడు వేశారా, నిచ్చెన వేశారా?”

“తాడు.”

“ఆయనొక్కడికే వేశారా? పక్కనే నువ్వున్నావు. నిన్నెందుకు ఎక్కించుకోలేదు? ఒకే పడవ మీద ఇద్దరుంటే ఒకణ్ణి ఎక్కించుకుని ఇంకొకణ్ణి నీళ్లల్లో వదిలేసి పోయారా? ఏం ఓడరా అది? ఇన్నాళ్లూ ఈ మాట నాకెందుకు తట్టలేదు? వాడు, ఆ తహసీల్దారు అడిగాడు. ‘మరి ఈ మిక్కేల్‌ని ఎందుకు వదిలేశారమ్మా?’ అని. చెప్పు. నిన్నెందుకు వదిలేశారు?”

“ఓడ రాలేదు వదినా.”

“ఏంటి?”

“ఏ ఓడా రాలేదు.”

“మళ్లీ చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పమంటావు? రాలేదు. రాలేదు. దూరంగా ఒకటి పోయింది, మమ్మల్ని చూడలేదు. అంతే.”

“మరి ఆయన?”

“కూర్చో వదినా. కూర్చున్నాక చెబుతా.”

“కూర్చోడానికి రాలేదన్నాగా. చెప్పు.”

“లాజరూ జేసూ మొదటి దెబ్బకే పోయారు. మేమిద్దరం బోర్లాపడ్డ పడవ మీద… ఖాళీ డీజిలు క్యాన్లు నడుముకి కట్టుకుని ఉన్నాం. అన్న ఉప్పునీళ్లు తాగేశాడు. వద్దన్నా వినలేదు. తాగాక మాట మారిపోయింది. ‘అదుగో చర్చి దీపం’ అన్నాడు. అక్కడేం లేదు. నీళ్లే. ‘మనింటి తలుపు తీసే ఉందిరా. జెనోవా లేచే ఉంది. నేను దిగుతున్నా, నువ్వు వెనక రా’ అన్నాడు. తాడు విప్పుకున్నాడు. దిగాడు.”

“దిగాడంటే?”

“బస్సు దిగినట్టు దిగాడు వదినా. కాలు ముందు పెట్టి.”

“నువ్వేం చేశావు?”

“చొక్కా పట్టుకున్నా. నా వేళ్లు అప్పటికే ముడుచుకోవడం లేదు. ఇప్పుడూ ముడుచుకోవు, చూడు. ఈ వల కూడా అమ్మ కడుతోంది, నేను ఊరికే పట్టుకుని కూర్చుంటున్నా.”

“ఇంకేమన్నాడు?”

“ఏం అనలేదు.”

“అబద్ధాలకోరు మొహమా, ఇంకా దాస్తున్నావా?”

“నీళ్లల్లో ఉండి ‘పాప పడుకుందా?’ అన్నాడు. నన్ను కాదు. నిన్ను అడిగాడు.”

“నువ్వేం చెప్పావు?”

“పడుకుంది అని చెప్పాను. వదినా. ఏదో ఒకటి అను. కొట్టు, పోనీ.”

“ఆయన ఫోను నంబరు పోతుందేమోనని నెలనెలా దానికి డబ్బు వేయిస్తున్నానురా. సముద్రం అడుగున ఉన్న ఫోనుకి! చికెన్ కొట్టు పక్కన ఆ షాపువాడు ‘ఇంకా వేస్తున్నావా అక్కా’ అని జాలిగా చూస్తాడు. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే ‘ఆయనొస్తాడు, వచ్చి తీరుస్తాడు’ అని ఎంత పొగరుగా చెప్పానో! చర్చిలో పోయినవాళ్లందరి ఫోటోలూ వరసగా పెట్టి పూజ చేస్తే, ఏడ్చేవాళ్ల మధ్య నేను ఏడవకుండా కూర్చున్నా. ‘దీనికి గుండె లేదు’ అన్నారు. నాకు అర్హత లేదనుకున్నా. నా మొగుడు బతికున్నాడు కదా, వీళ్లముందు నేనేం ఏడవను అనుకున్నా!”

“తప్పైపోయింది.”

“నన్ను పెళ్లాన్నీ కాకుండా, విధవనీ కాకుండా చేశావు. ఎందుకు చెప్పావురా ఆ మాట? ఎవరడిగారు నిన్ను?”

“అలా వచ్చేసింది నోట్లోంచి. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయా. రోజూ పొద్దున్నే పెద్దమ్మ, మీ అత్త, నా గుమ్మంలోకొచ్చి ‘ఏరా, ఈ నెలలో వస్తాడంటావా’ అంటుంది. ఏం చెప్పను?”

“ఏం చెప్పేవాడివి?”

“వస్తాడు అనేవాణ్ణి.”

“రేపు నాతో తాలూకాఫీసుకి రా. ఇప్పుడు నాకు చెప్పిందే వాడి ముందు చెప్పు. ఒక్క మాట తగ్గినా నీ మొహం చూడను.”

“వస్తా. పెద్దమ్మకి?”

“ఆవిడకి తెలియకూడదు. తెలిస్తే బతకదు. డబ్బొస్తే ఓడ కంపెనీవాళ్లు పంపారని చెబుతా.”

“మళ్లీ ఓడేనా వదినా?”

“నువ్వు కట్టిన ఓడే కదా. ఇంకొన్నాళ్లు నడుపుదాం.”

మర్నాడు. తాలూకాఫీసులో తహసీల్దారు గది.

“ఆపవయ్యా. ఆపు. అంటే ఇప్పుడు ఓడ లేదంటావు.”

“లేదు సార్.”

“పేపర్లో ఉంది కదా?”

“నేను చెప్పింది అబద్ధం సార్.”

“ఇప్పుడు చెప్పేది నిజమని ఏంటి నమ్మకం? డబ్బు లేనన్నాళ్లూ ఓడెక్కించారు. పందిరి వెయ్యగానే చంపేశారు. ఏమ్మా, జెనోవా, అంతేనా?”

“సార్, ఆ మాట మీ ఇంట్లో మీ ఆవిడ ముందు అనండి. ‘నేను సముద్రంలో పోతే నువ్వూ ఇలాగే చేస్తావా’ అని అడగండి. ఏం చెబుతుందో వచ్చి నాకు చెప్పండి.”

“గొంతు తగ్గించు. ఇది ఆఫీసు.”

“ఆఫీసని తెలిసే వచ్చాను. చేపల బజారైతే ఈపాటికి మీకు సమాధానం వేరేలా వచ్చేది.”

“వదినా, ఊరుకో. సార్, ఆవిడ నిన్నటిదాకా ఆయన బతికే ఉన్నాడనుకుంది సార్. నిన్ననే తెలిసింది. నేనే చెప్పాను.”

“శవం ఏదయ్యా?”

“శవం ఎక్కడిది సార్ సముద్రంలో?”

“మరి ఎలా రాసుకోను చనిపోయాడని?”

“లాజర్ శవం దొరికిందా సార్? జేసుది దొరికిందా? వాళ్లకిచ్చారు కదా.”

“వాళ్లని ఓడెక్కించారని ఎవరూ చెప్పలేదు కదమ్మా! అక్కడే వచ్చింది చిక్కు. వాళ్లు కనబడలేదు, కాబట్టి పోయారని ఆర్డరు. మీ ఆయన కనబడ్డాడు, ఓడెక్కాడు. కనబడ్డ మనిషిని పోయాడని ఎలా రాస్తాను? రేపు అతనొచ్చి నా ఎదురుగా నిలబడితే? నా ఉద్యోగం నువ్విస్తావా?”

“వచ్చి నిలబడతాడా? ఏదీ, పిలవండి. మీరు పిలిస్తే వస్తాడేమో. నేను పిలిచాను, రాలేదు.”

“చూడమ్మా, నీ బాధ నాకు అర్థమైంది…”

“అర్థం కాలేదు. అర్థమైతే ఆరోజు నవ్వేవారు కాదు.”

“నవ్వానా? ఎప్పుడు నవ్వాను? సరే, ఇది విను. ఇతను ఇప్పుడు చెప్పింది రాసుకున్నాననుకో. మొదట ఇచ్చిన సమాచారం తప్పని తేలుతుంది. తప్పుడు సమాచారమిచ్చి ప్రభుత్వాన్ని దారి మళ్లించినందుకు ఇతని మీద కేసు పెట్టమని నేనే రాయాలి. ఆ ఓడ కోసం ఎన్ని రేవులకి ఉత్తరాలు రాశామో తెలుసా? ఏమయ్యా, రాయమంటావా?”

“రాయండి సార్.”

“జైలుకి పోతావు.”

“పోతాను సార్. అక్కడైనా పొద్దున్నే గుమ్మంలోకొచ్చి ఎవరూ అడగరు.”

“ఏంటి వీడి మాటలు? ఏమ్మా, నీకోసం ఇతను జైలుకి పోవాలా?”

“పోకూడదు. మీరు రాయకండి.”

“రాయకపోతే నీకు డబ్బు రాదు.”

“ఇదేం అన్యాయం సార్? బతికొచ్చినవాడికి మీరేమిచ్చారు ఇన్నాళ్లూ? వీడి వేళ్లు చూడండి. ముద్ద కలుపుకోలేడు. సముద్రంలోకి పోలేడు. చచ్చినవాడికి పందిరేశారు, బతికొచ్చినవాడికి కేసా?”

“బతికొచ్చినవాళ్లకి ఇందులో ఏమీ లేదమ్మా. అది నేను పెట్టిన రూలు కాదు.”

“మీరు పెట్టిన రూలేదో ఒక్కటి చెప్పండి, దాంతోనే పోట్లాడతా.”

“బయటికి నడువు. ఇద్దరూ నడవండి. ఎవరక్కడ? ఆ తలుపు దగ్గర ఎవరు? చేపల తట్ట లోపలికి తేకూడదమ్మా, వాసన!”

“తట్ట ఖాళీయే సారూ. అమ్ముకునే వచ్చా.”

“అత్తా! నువ్వెందుకొచ్చావు? ఎవరు చెప్పారు ఇక్కడున్నానని?”

“లాజర్ పెళ్లాం చెప్పింది.”

“ఏం లేదత్తా. రేషన్ కార్డు పని మీద వచ్చా. పద, వెళ్లిపోదాం.”

“నీ రేషన్ కార్డుకి వీడెందుకే? ఏరా మిక్కేల్, తల దించుకున్నావేం?”

“ఊరికే వచ్చా పెద్దమ్మా. తోడు.”

“బాగుంది. ఇద్దరూ మాట్లాడుకునే వచ్చారన్నమాట. సారూ, నువ్వేనా ఇక్కడ పెద్దవాడివి? ఇందాకట్నుంచీ కిటికీ కింద నిలబడి వింటున్నా. నాకు చెవుడు లేదు.”

“అత్తా, పద బయటికి. ఆయన ఏదో అంటాడు, నువ్వు వినకు.”

“చెయ్యి వదులు. సారూ, ఓడ లేదు.”

“అత్తా!”

“ఓడ లేదు, గీడ లేదు. రాసుకో. వీణ్ణి ఏమీ అనకు. ఆ ఓడ మాట నాది. కేసు పెడితే నామీద పెట్టు.”

“ఎవరమ్మా నువ్వు?”

“చచ్చిపోయినవాడి తల్లిని.”

“కూర్చోమ్మా. ఆ కుర్చీ ఇటు లాగు.”

“కూర్చోను. ఏం రాయాలో రాయి. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు. వేలిముద్ర కాదు, నాకు సంతకం వచ్చు.”

“ఒక్కసారి ఆలోచించుకో. ఈ సంతకం పెడితే నీ కొడుకు పోయాడని నువ్వు ఒప్పుకున్నట్టు. ఇంకోటి కూడా ఉంది. డబ్బు కోడలికీ మనవరాలికీ వెళుతుంది. నాకు అందులో ఏమీ వద్దు, అభ్యంతరం లేదని దీని మీద కూడా పెట్టాలి. రేపు వచ్చి నా వాటా అంటే కుదరదు.”

“అత్తా, పెట్టకు. ఇంట్లో మాట్లాడుకుందాం. సార్, సగం ఆవిడకి రాయండి.”

“అలా సగాలు రాయడానికి లేదమ్మా.”

“నువ్వు నోరుముయ్యవే. కలం ఇలా ఇవ్వు సారూ. ఈ కలం రాయడం లేదు, ఇంకోటి ఇవ్వు. చావు రాయడానికి కూడా పనికిరాని కలం పెట్టుకుని కూర్చున్నావు.”

కొన్ని వారాల తర్వాత. అదే తాలూకాఫీసు ఆవరణ. డబ్బు మంజూరైన ఆర్డరు జెనోవా చేతికి ఇస్తున్నారు. ఎదురుగా ఫోటోగ్రాఫరు.

“కొంచెం ఇటు తిరగండమ్మా. ఆర్డరు పైకెత్తి పట్టుకోండి. మీ మొహానికి అడ్డొస్తోంది, కాస్త కిందికి. పెద్దావిడ కూడా పట్టుకోవాలి. ఒక కొస మీరు, ఒక కొస ఆవిడ.”

“ఎందుకు పట్టుకోవాలి నేను?”

“ఫోటోకండి. పైకి పంపాలి.”

“పైకంటే ఎవరికి? నా కొడుక్కా?”

“అత్తా, ఒక్క నిమిషం పట్టుకో. అయిపోతుంది.”

“పట్టుకోను. నా కొడుకు పెళ్లి ఫోటోలో నిలబడ్డా. చాలు. చావు ఫోటోకి నిలబడను. ఏమయ్యా తహసీల్దారూ, నువ్వు పట్టుకో ఆ కొస. నీకు బాగా నప్పుతుంది.”

“ఆవిడని వదిలెయ్యవయ్యా. కోడలిని ఒక్కదాన్నే తియ్యి. ఏమ్మా, ఇప్పుడు సంతోషమేనా?”

“సంతోషమా సార్?”

“అంటే… పని అయింది కదా అని.”

“అయింది సార్. మా ఆయన పోయాడని రాసిచ్చారు. దీనికోసం మీ మెట్లు అరిగేలా తిరిగా. చాలా సంతోషం. వెళ్తాం.”

ఆఫీసు ఎదుట బస్టాపు. జెనోవా, ఆమె అత్త తెరెసమ్మ, మిక్కేల్.

“ఆ కాగితం లోపల పెట్టుకో. గాలికి పోతుంది.”

“పోదులే అత్తా.”

“అప్పులవాడికి ముందు కట్టెయ్యి. వాడు మళ్లీ గుమ్మంలో కూర్చోకూడదు. మిగతాది పాప పేరున వెయ్యి. మీ అన్నల చేతికి మాత్రం ఇవ్వకు.”

“మా అన్నలు వచ్చి అడిగారా నిన్ను?”

“అడగలేదు. అడుగుతారు.”

“వదినా, మీరు ముందు బస్సులో వెళ్లండి. నేను తర్వాత దాంట్లో వస్తా.”

“ఏం? మాతో కూర్చుంటే అరిగిపోతావా?”

“పెద్దమ్మ మొహం చూడలేకపోతున్నా.”

“చూడు. ఇటు చూడరా. నిన్నేమన్నా అన్నానా నేను?”

“అదే పెద్దమ్మా. ఏమీ అనలేదు. ఆరోజు ఆఫీసులో ఓడ మాట నీదన్నావు. నాకోసం ఎందుకలా చెప్పావు?”

“నీకోసం ఎందుకు చెబుతాను? ఉన్నదే చెప్పా. ఆసుపత్రిలో నిన్ను పడుకోబెట్టినప్పుడు నీకు మాటెక్కడుందిరా? పెదాలు పగిలిపోయి, కళ్లు అంటుకుపోయి. నీళ్లు పోస్తే కక్కేవాడివి. నేనే అడిగాను. ‘ఏదైనా ఓడ వాణ్ణి ఎక్కించుకుందా?’ అని. నువ్వు తలూపావు. అడిగింది నేను. నువ్వు ఊరికే తలూపావు.”

“నాకు గుర్తులేదు.”

“నాకుంది. తలూపావు, తర్వాత గ్లాసుడు నీళ్లు తాగావు. అప్పటిదాకా ఒక్క చుక్క మింగలేదు. మర్నాడు గంజి తాగావు.”

“అంటే నువ్వు నమ్మలేదా పెద్దమ్మా?”

“ఇద్దర్లో ఒకణ్ణి వదిలేసిపోయే ఓడ ఉంటుందట్రా? సముద్రం మీదికి మొగుణ్ణి పంపాను, తమ్ముళ్లని పంపాను. ఆమాత్రం నాకు తెలీదూ? ఇంటికెళ్లాక వంటింట్లో కూర్చుని ఏడ్చేశాను. ఆరోజే అయిపోయింది నాకు.”

“మరి రోజూ నా గుమ్మంలోకొచ్చి అడిగేదానివి, వస్తాడంటావా అని…”

“అడగకపోతే నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదూ? అప్పుడు నువ్వేమయ్యేవాడివి? మీ అమ్మ నన్ను రెండుసార్లు పిలిచింది, ‘వీడు తాడు పట్టుకుని దూలం కింద నిలబడ్డాడు, రా అక్కా’ అని. మర్చిపోయావా? ఏడవకు. నడిరోడ్డు మీద. బస్సొస్తోంది, చూడు అది మనదేనా?”

“రానీ బస్సు. అత్తా, నన్ను చూడు.”

“ఏంటే?”

“నీకు ఆసుపత్రిలోనే తెలుసా?”

“తెలుసు.”

“మొదటిరోజే?”

“మొదటిరోజే అని చెబుతున్నా కదా.”

“వీడు బతకాలని వీడికి చెప్పలేదు. సరే. బాగానే చేశావు. నేనేం చేశాను నిన్ను? ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే కుండలో అన్నం తిన్నాం. ఆయన ఫోనుకి డబ్బు వేయించడానికి వెళుతుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావు. ‘ఇంకా ఎంతుంది ఆ ఫోనులో’ అని అడిగేదానివి కూడా! పండక్కి ఆయనకి లుంగీ కొంటే మడతపెట్టి పెట్టెలో పెట్టావు. నువ్వే పెట్టావు, నీ చేత్తో. చర్చిలో పెట్టడానికి ఫాదర్ ఆయన ఫోటో అడిగితే నా చేతిలోంచి లాక్కున్నావు. నన్నెందుకు ఏడవనివ్వలేదు? అది చెప్పు.”

“బస్సు ఆగింది. ఎక్కు.”

“ఎక్కను. నీకు తెలుసు, వీడికి తెలుసు. ఇల్లంతా తెలిసి, నేనొక్కదాన్నే పిచ్చిదానిలా వీధి తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నా. నేను వీడిలాగా దూలం కింద నిలబడేదాన్ని కాదు. నాకు పాపుంది. నేను తట్టుకునేదాన్ని. నీకు తెలుసు, తట్టుకుంటానని. మరి నాకెందుకు చెప్పలేదు?”

“వదినా, పోనీలే. ముసలిది…”

“నువ్వుండరా. అత్తా, చెప్పు. నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే పాపని తీసుకుని మీ అమ్మ దగ్గరికి పోతావని.”